పర్దా మీద కాలువ

పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో నేను ఇంజెక్షన్ సీసాలు చూస్తాను. చూడడమే నా పని. ఒక్కో సీసాను దీపం కిందికి ఎత్తి, ముందు నల్ల పలక ఎదురుగా, తర్వాత తెల్ల పలక ఎదురుగా తిప్పి, లోపల నలుసేదైనా తేలుతోందేమో కనిపెట్టాలి. పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడకూడదు. కాసేపటికోసారి కళ్లకు విశ్రాంతి ఇస్తారు, మళ్లీ సీసాలు. ఇన్నేళ్లుగా నా లోకమంతా నా ముక్కుకు జానెడు దూరంలోనే ఉండిపోయింది.

నలభై దాటాక ఒక సాయంత్రం ఇంటికి వెళ్తుంటే బస్సు బోర్డు రెండుగా కనపడింది. కళ్ల డాక్టరు పరీక్షలన్నీ చేసి, అద్దాలు రాసి, "సెలవు రోజున దూరంగా ఉన్నవాటిని చూస్తూ ఉండండి. చెట్లు, కొండలు, ఏవైనా సరే" అన్నారు. మేముండే పటేల్‌గూడలో మేడ మీద నుంచి చూస్తే దూరంగా కనపడేవి ఇంకా కట్టడం పూర్తికాని అపార్టుమెంట్లు. అందుకని ఆ ఏడు బోనస్ వచ్చినప్పుడు ఒక కెమెరా కొనుక్కున్నాను. ఊరికే చూడమంటే నాకు చేతకాదు. ఒక పని పెట్టుకుంటేనే చూడగలను. మా ఆయన దాని సంచీకి కొత్త జిప్పు వేయించి తెచ్చారు.

అక్క అనే అర్థంలో అందరూ ఆపా అని పిలిచే ఫోటోలామెతో నా స్నేహం గేట్‌పాస్ ఫోటో దగ్గర మొదలైంది. ఇస్నాపూర్ నుంచి చిట్కుల్ వెళ్లే దారిలో, ఒక సైకిల్ షాపుకూ చికెన్ సెంటర్‌కూ మధ్య ఆమె స్టూడియో. వాళ్ల నాన్న పెట్టింది. ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన పోయాక ఆమే నడుపుతోంది. నాకంటే పదేళ్లు పెద్ద. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో చాలామంది మెడల్లో వేలాడే కార్డుల మీద ఆమె తీసిన మొహాలే ఉంటాయి. మా అమ్మానాన్నలు గోదావరి వైపు నుంచి నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చారు కాబట్టి నేను మాట్లాడేది సగం అక్కడి మాట, సగం ఇక్కడి మాట. మొదటిరోజే ఆపా దాన్ని పట్టేసింది. "నువ్వు రెండు ఊర్ల నీళ్లు తాగినవు చెల్లె" అంది.

స్టూడియోలో ఫోటో తీయించుకునే చోట వెనక ఒక పెద్ద పర్దా ఉండేది. ఏదో చలిదేశంలో సరస్సు, ఒడ్డున చెక్క ఇల్లు, చుట్టూ ఎర్రటి ఆకుల చెట్లు. బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కుర్రాళ్లు దాని ముందు నిలబడి ఫోటోలు దిగి ఇళ్లకు పంపేవారు. ఎన్నాళ్లదో మరి, ఎరుపు వెలిసి ఇటుకరంగులోకి దిగింది. ఒక మూల ఎలుకలు కొరికాయి. ఆ మూల కనపడకుండా ఆపా ఒక ప్లాస్టిక్ పూలకుండీ పెట్టింది.

"ఇది ఏ ఊరు ఆపా?" అని అడిగాను, ఫోటో కోసం జుట్టు సర్దుకుంటూ.

"అందరు గిదే అడుగుతరు. నేనేం చెప్పాలె? నేను సూడలే, మా అబ్బా సూడలే, అమ్మినోడు గూడ సూడలేదంట. గా దేశంల ఆకులు రాలే ముందట గట్ల ఎర్రగయితయంట."

"మన దగ్గర ఆ నెలల్లో ఏమవుతుంది?"

ఆపా కెమెరా దించి ఆలోచించింది. "మన దగ్గరనా? వానలు బందయితయి. గునుగు పూస్తది. వరి పచ్చవడ్తది. సీతాఫలాలొస్తయి." నా భుజానికున్న సంచీ వైపు చూసింది. "నువ్వు బయట ఫోటోలు దింపుతవు గద. నాకొక్కటి దింపియ్యి. గీ పర్దా ఇగ ఆగేటట్టు లేదు. కొత్తది మన దిక్కుదే ఏద్దాం."

అంత పెద్ద పని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. సరేనన్నాను. ఎక్కడ తీయాలని ఇద్దరం ఆలోచిస్తే నాకు సంగారెడ్డి దాటాక సింగూరు నీళ్లు పారే కాలువ గుర్తొచ్చింది. ఓసారి పెళ్లికి వెళ్తూ బస్సులోంచి చూశాను. రెండు గట్ల మీదా తెల్లటి పూలు, మధ్యలో నీళ్లు, అంతే గుర్తుంది.

దసరా వెళ్లాక వచ్చిన ఆదివారం ఇద్దరం ఆపా స్కూటర్ మీద బయల్దేరాం. ఇంటి పనులు ముగించుకుని, ఇడ్లీలు తిని, తాపీగా కదిలాం. హైవే మీద లారీల మధ్య నుంచి ఆపా బండి నడిపే తీరు చూసి నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. సంగారెడ్డి చౌరస్తా దాటి జోగిపేట వైపు తిరిగాక గాలి మారింది. రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు, పత్తి చేలు, అక్కడక్కడా తాటిచెట్లు. కాలువ గట్టు మీదికి మట్టిదారి కనపడగానే ఆపా బండి దింపేసింది.

గునుగు నా నడుమెత్తున పెరిగి ఉంది. బతుకమ్మకు కోయగా మిగిలిందే అంత ఉంది. కింద తెలుపు, కొసన గులాబీరంగు. వాటి వెనక నీటి అంచున రెల్లు పూసింది. గాలి వస్తే మొత్తం గట్టంతా ఒకవైపుకి వంగి లేస్తోంది. నేను సంచీ తెరవడం కూడా మరిచిపోయి నిలబడ్డాను. దూరంగా చూడమని డాక్టరు చెప్పారే, అలా చూశాను. చాలాసేపు.

కానీ ఫోటో తీస్తే ఏమీ రాలేదు. ఎండ నెత్తి మీద ఉంది. తెరలో ఆకాశం సున్నం కొట్టినట్టుంది, పూలు అందులో కలిసిపోయాయి. ఆపా వచ్చి చూసి, ఎండ వైపు చేయి అడ్డం పెట్టుకుంది. బతుకంతా ఒక గదిలో రెండు గొడుగు లైట్లతో పనిచేసిన మనిషి.

"గీ లైటు జెర తక్కువ జేసే స్విచ్ ఏడుంటది చెల్లె?"

"సాయంత్రం దాకా ఆగితే అదే తగ్గుతుంది ఆపా."

"అరే, గిరాకీ లెక్కనే ఉంది. మనం ఆగాలె, అది ఆగదు."

తూము పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఆగాం. ఆమె తెచ్చిన ఖీమా రొట్టె ఆమె తింది, నేను తెచ్చిన పులిహోర ఇద్దరం తిన్నాం. ఎండ వాలాక పూల అంచులు వెలిగాయి. ఒక గునుగు పొదను ఎదురుగా పెట్టి, దాని వెనక కాలువ మెరుస్తుండగా తీశాను. తెరలో చూసుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆపా "సుభానల్లా" అంది నెమ్మదిగా.

మర్నాడు సాయంత్రం స్టూడియోకి వెళ్తే, ఆమె అప్పటికే దాన్ని నాలుగు పెద్ద కాగితాల మీద ప్రింటు తీసి గోడకు అతికించింది. "పో, ముందట నిలవడు" అంది. నిలబడ్డాను. ఫోటో తీసి కంప్యూటర్లో చూపించింది. తెర నిండా నేను. నా చెవుల పక్కన కొంచెం ఆకాశం, మోచేతి కింద కొంచెం నీళ్లు.

"పూలేవి?" అన్నాను.

"నీ వీపు ఎనుక ఉన్నయ్. మంచిగ దాసినవు."

ఇద్దరం ఎంత నవ్వామంటే పక్క సైకిల్ షాపాయన వచ్చి తొంగిచూశాడు. పర్దాకు మధ్యలో ఖాళీ ఉండాలన్న సంగతి ఆపాకు తెలియనిది కాదు. గట్టు మీద ఆ పూల ముందు ఆమెకూ అది తట్టలేదు. "మనిషి నిలవడే జాగ ఇడిచి దింపాలె. మల్ల పోదాం" అంది. నిజం చెప్పాలంటే, మళ్లీ వెళ్లాలని తెలిసి నాకు సంతోషమే వేసింది.

రెండోసారి వెళ్లేసరికి కాలువలో నీళ్లు లేవు. అడుగున బురద, అందులో కొంగల కాలిముద్రలు, ఒక చెప్పు. పూలు అలాగే ఉన్నాయి గానీ వాటి మధ్య ఖాళీ కందకంలా ఉంది. గట్టు మీద ఒకాయన తల గుడ్డ చుట్టుకుని సైకిల్ మీద వస్తుంటే ఆపాం. కాలువ గేట్లు చూసే లష్కరట.

"నీళ్లేమైనయ్ అన్నా?" అంది ఆపా.

"గేట్లు బంద్ జేసినం. ఏం పనుండె?"

"ఫోటో దింపాలె."

ఆయన మా ఇద్దర్నీ, కెమెరానూ, స్కూటర్నూ వరసగా చూశాడు. "ఫోటోలకైతే ఇడువరమ్మా. పొలాలకైతే ఇడుస్తరు" అన్నాడు. తర్వాత మా మొహాలు చూసి జాలిపడ్డట్టున్నాడు. "వరికి ఆఖరి తడి అడుగుతున్రు. వచ్చే ఐతారానికి నీళ్లొస్తయి. రాంగ రాంగ గంత దూరమొచ్చిన్రు, గా మలుపు కాడికి పోయి సూడున్రి. ఆడ మంచిగుంటది" అని సైకిలెక్కాడు.

మలుపు దాకా నడిచి వెళ్లాం. కాలువ అక్కడ ఎడమచేతి వైపు నుంచి వచ్చి, నెమ్మదిగా ఒళ్లు తిప్పుకుని, వరిమళ్ల మధ్యకు పోతోంది. మలుపులో అది వెడల్పయింది. రెండు పక్కలా పూలు, మధ్యలో ఇద్దరు మనుషులు నిలబడేంత చోటు. ఆపా అక్కడికక్కడే గట్టు మీద నన్ను అటూ ఇటూ నిలబెట్టి, వేళ్లతో చట్రం కట్టి చూసింది. "గిదే" అంది. ఆ రోజు ఒక్క ఫోటో కూడా తీయకుండా తిరిగొచ్చాం. దారిలో గంపెడు సీతాఫలాలు కొన్నాం. అవి ఇంటికి చేరేలోపే కొన్ని మెత్తబడి నా ఒళ్లో చిట్లాయి.

మూడోసారి, ఆ వచ్చే ఆదివారం, మా ఆయన తన షిఫ్టుకు లేచే వేళకే నన్నూ లేపారు. తెల్లవారుతుండగా గట్టు మీదికి చేరాం. లష్కర్ మాట నిలబడింది. కాలువ నిండుగా ఉంది. నీటి మీద మంచు పల్చగా పరుచుకుని ఉంది. వరి పండి పసుపెక్కింది, దాని వెనక తాటిచెట్లు మంచులో మసకగా ఉన్నాయి. గాలి లేదు. కెమెరా స్టాండు నిలబెట్టి సూర్యుడి కోసం చూస్తున్నాను. ఇంకాసేపట్లో మంచు లేచిపోతుంది, ఆ లోపల వెలుగు రావాలి.

వెలుగు వచ్చింది. దానితోపాటు పత్తి ఏరే ఆడవాళ్లు వచ్చారు. ఏడెనిమిది మంది, నడుముకు చీర కొంగులు దోపి, చంకల్లో సంచులతో, సరిగ్గా మలుపు మీద నుంచే నడుస్తూ. నన్ను చూసి అక్కడే ఆగారు.

"ఏం దింపుతున్రమ్మా?" అంది ముందున్న ముసలమ్మ. నుదుట పెద్ద బొట్టు, నోట్లో ఆకు.

"కాలువనండి. కొంచెం పక్కకు జరుగుతారా?"

"కాలువనా? దానికేం జూస్తున్రు. మమ్ముల దింపరాదు?"

మంచు కళ్ల ముందే పల్చబడుతోంది. ఆపా నా మొహం చూసి క్షణంలో అర్థం చేసుకుంది. "రాండ్రి రాండ్రి, మిమ్ముల నేను దింపుత. నేను ఫోటోలమెనే. గా చెట్టు కాడికి పోదాం" అని తన ఫోన్ పైకెత్తి వాళ్లందర్నీ నా వెనక ఉన్న తుమ్మచెట్టు దగ్గరికి తోలుకుపోయింది.

మలుపు ఖాళీ అయింది. ఎండ మొదటి పొర నీటి మీద పడి మంచు లేత పసుపయింది. గునుగు కొసలు ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చాయి. ఊపిరి బిగపట్టి తీశాను. ఇంకోటి, ఇంకోటి. ఒక లకుముకి పిట్ట నీటి మీదుగా నీలంగా దూసుకుపోయింది గానీ అది నాకు అందలేదు. అందకపోయినా ఆ ఉదయానికి ఏ లోటూ లేదు. మంచు లేచిపోయాక కెమెరా దించి చూస్తే నా రెప్పలు తడిగా ఉన్నాయి.

వెనక నుంచి నవ్వులు వినపడ్డాయి. ఆపా వాళ్లను పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక నిలబెట్టేసింది. "గదువ జెర కిందికి. నువ్వు పెద్దమ్మా, ఆకు మింగు. భుజాలు ఢీలా ఇడువు. గాడ సూడకు, నన్ను సూడు." బయట ఆకాశం కింద అంత చోటున్నా, తన గదిలో ఉన్నట్టే వాళ్లను నాలుగడుగుల్లో ఇరికించింది. నేను కూడా కెమెరా పట్టుకెళ్లి తీశాను. ఎవరికి ఎన్ని ఫోటోలు కావాలో అడిగి, స్టూడియో జాడ చెప్పి, ఇస్నాపూర్ వచ్చినప్పుడు తీసుకోమంది ఆపా. వాళ్లు పత్తిచేలోకి దిగాక కూడా చాలాసేపు ఒకరి నిలబడిన తీరును ఇంకొకరు చేసి చూపించుకుంటూ నవ్వడం వినపడింది.

ఆపాకు మలుపు ఫోటో చూపించాను. తెరను దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టి చూసి, నా తలను తన భుజానికి ఆనించుకుంది.

పర్దా గుడ్డ మీద అచ్చువేయడానికి పటాన్‌చెరులో ఒక ఫ్లెక్సీ షాపులో ఇచ్చాం. రెండు రోజుల తర్వాత షాపతను గర్వంగా కంప్యూటర్లో చూపించాడు. కాలువ ఉంది. కాలువ మధ్యలో రెండు హంసలు ఉన్నాయి. తాటిచెట్ల వెనక మంచుకొండ కూడా ఉంది.

"ఇవేంటండీ?" అన్నాను.

"నడుమ ఖాళీ కొడ్తుంది మేడమ్. గందుకే రెండు హంసలు ఏసిన. పైసలేం దీసుకోను."

"మా కాలువల హంసలు ఎప్పటి సంది ఉన్నయ్ బేటా?" అంది ఆపా చాలా మర్యాదగా.

"పెండ్లి ఫోటోలకు మంచిగుంటయి ఆంటీ."

కొండను సులభంగానే వదులుకున్నాడు. హంసలకు మాత్రం మనసు రాలేదు. ఖాళీ ఎందుకు కావాలో ఆపా అతన్ని తెర ముందు నిలబెట్టి చూపించాక, "గట్లనా" అని తీసేశాడు. గుడ్డ అచ్చయి వచ్చింది. స్టూడియోలో పైకి కట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసుకున్నాం. ఆ ఇరుకు గదిలో పొద్దు పొడిచినట్టయింది. నేను అలవాటు కొద్దీ ఈ మూల నుంచి ఆ మూలకు కళ్లతో వెతుక్కుంటూ వెళ్లాను. నీళ్లకు కుడివైపు, రెల్లు దుబ్బు అంచున తెల్లగా ఏదో ఉంది. దగ్గరికెళ్లి చూస్తే హంస తలకాయ. ఒళ్లంతా చెరిపి తల మరిచిపోయాడు.

ఫ్యాక్టరీలో అయితే ఇలా నలుసు కనపడిన సీసాను పక్కన పడేయాలి. "ఉండనియ్" అంది ఆపా. "పోరగాండ్లు ఏడ్సినప్పుడు హంస ఏడుందో దేవులాడమంట." ఇప్పుడు ఆ తలకాయ వల్లే చంటిపిల్లల ఫోటోలు ఆమెకు తేలికవుతున్నాయి.

కొత్త పర్దా అందరికీ నచ్చిందని చెప్పను. ఒక బీహార్ కుర్రాడు మాత్రం దాని ముందు నిలబడి, తన ఊళ్లో నహర్, అంటే కాలువ, ఇలాగే ఉంటుందని, అమ్మకు పంపితే తను ఇంటి దగ్గరే ఉన్నాడనుకుంటుందని హిందీలో చెప్పి నవ్వాడు. చాలామంది పాతదే అడిగారు. ఆపా ఎవరినీ కాదనలేదు. ఎలుకలు కొరికిన మూలకు అతుకు వేయించి, రెంటినీ రెండు కర్రలకు చుట్టి, ఏది కావాలంటే అది దింపేలా తాళ్లు కట్టింది.

పత్తి ఏరడం అయిపోయాక ఒకరోజు ఆ ఆడవాళ్లు వచ్చారు. ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని, మంచి చీరలు కట్టుకుని, తలలో పూలతో. ఆపా ఫోన్ చేస్తే నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను, పరుగున వెళ్లాను. వాళ్లు తమ ఫోటోలు చూసి మురిశారు. పెద్దమ్మ తన మొహాన్ని చాలాసేపు చూసి, "మా అక్క లెక్కున్న" అంది. తర్వాత తలెత్తి పర్దాను చూసింది.

"అవ్వో, గిది మన మలుపే గదనే."

అందరూ గుమిగూడారు. తాటిచెట్లను లెక్కపెట్టి ఎవరి చేను ఎక్కడో చూపించుకున్నారు. నేను పొంగిపోతూ నిలబడ్డాను. "ఇక్కడ నిలబడండి, అందర్నీ కలిపి తీద్దాం" అన్నాను.

పెద్దమ్మ నన్ను వింతగా చూసింది. "ఇగో, పొద్దున లేస్తే గాడనే ఉంటం. కిరాయి పెట్టుకొని గింత దూరమొచ్చి మల్ల కాలువ కాడనే నిలవడాల్నా? గోడ మీది ఫోటోలల్ల గా ఎర్ర చెట్లది ఉన్నది గద, గది దింపు బిడ్డా."

ఆపా నా వైపు చూడకుండా పెదవి బిగబట్టి తాడు లాగింది. మా కాలువ పైకి చుట్టుకుపోయింది, చలిదేశం కిందికి దిగింది. ఒక్క క్షణం నాకు చివుక్కుమంది. కానీ ఆ ఎర్రాకుల ముందు వాళ్లు భుజాలు ఢీలా వదిలి, గదువలు దించి, ఎవరూ చెప్పకుండానే పొట్టివాళ్లు ముందుకొచ్చి నిలబడితే, వాళ్ల కళ్లలో మెరుపు చూసి నాకు నవ్వు ఆగలేదు. తీయమని ఆపా కెమెరా నా చేతికే ఇచ్చింది. నేను లోపల తీసిన మొదటి ఫోటో అదే. బాగా వచ్చింది. ఆ ఫోటో ఇప్పుడు స్టూడియో ముందు అద్దంలో ఉంది.

ఈ ఏడు కూడా దసరా వెళ్లాక పోయాం. పర్దా కోసం కాదు, ఊరికే. మా ఆయన కూడా వెనక తన బండి మీద వచ్చారు. మబ్బు పట్టి వెలుగు రాలేదు, నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి, ఒక్క ఫోటో కూడా కుదర్లేదు. పెద్దమ్మ చేలోంచి కేకేసి పిలిచి, చెట్టు కింద కూర్చోబెట్టి జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టింది. మా ఆయన కారానికి కళ్లు తుడుచుకుంటూనే ఇంకో రొట్టె అడిగారు. ఆపా ఆమెతో ఏ మునిమనవరాలి ఫోటో ఎప్పుడు దింపాలో మాట్లాడుకుంటోంది. నేను గట్టు మీదికి చూస్తూ కూర్చున్నాను. దూరంగా గాలి మొదలై, గునుగును వంచుకుంటూ మా వైపు వస్తోంది.